సోమయ్య నడిచిన గెట్టు

దేవరుప్పుల మండలంలోని ఒక ఊళ్లో సోమయ్య ఉంటాడు. ఊరి పేరు చెప్పను. అక్కడ పొలాల గెట్ల తగాదాలు ఇంకా చల్లారలేదు, నేను మరో పుల్ల ఎగదొయ్యడం ఎందుకు. కొద్దిపాటి చెలక పొలం, ఒక బర్రె, పెంకుటిల్లు, ఎల్లక్క అనే భార్య. ఉన్న ఒక్క బిడ్డ రజనిని భూపాలపల్లిలో ఇచ్చారు. ఇంతవరకు చెబితే ఇట్లాంటి ముసలివాళ్లు జనగామ నుంచి మహబూబాబాద్ దాకా బస్సు ఆగిన ప్రతిచోటా కనబడతారు. సోమయ్యకు వేరుగా ఉన్నది ఒక్కటే, ఆయన నడక.

రెండు చెలకల మధ్య గెట్టు చెరిగిపోయి పంచాయితీ పడితే ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు సోమయ్యను పిలిచేవారు. ఆ పూట ఆయన ఉపాసం ఉంటాడు. బాయికాడ తలస్నానం చేసి తడిబట్టల మీదే వస్తాడు. తగాదా పడ్డ నేలలోంచి ఒక మట్టిపెడ్డ తీసి నెత్తిన పెట్టుకుని, కురవి గుళ్లోని వీరన్న దేవుణ్ని తలుచుకుని, ఉన్న హద్దురాయి దగ్గర మొదలుపెడతాడు. పోయిన హద్దురాయి ఉండాల్సిన చోటిదాకా నడుస్తాడు. వెనక ఒకడు బూడిద పోసుకుంటూ వస్తాడు. ఆ బూడిద గీతే గెట్టు. నెత్తిన మట్టితో అబద్ధం నడిచినవాడు ఆ మట్టిలోనే కలుస్తాడని నమ్మకం. ఇట్లాంటి ఆచారాల గురించి పాత కాగితాల్లో అక్కడక్కడ చదివాను గానీ, నడిచే మనిషిని ప్రాణాలతో చూసింది ఇక్కడే. సర్కారు కొలత లేదా అంటే ఉంది. అర్జీ పెట్టుకుంటే వచ్చి కొలుస్తారు. కానీ సోమయ్య ఉండగా ఇంకొకరిని పిలవడమంటే, ఇంట్లో అవ్వ వండిపెడుతుంటే హోటల్ నుంచి కూర తెప్పించుకున్నట్టని వాళ్ల లెక్క.

ఆయనకు ఈ పేరు ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. సోమయ్య చిన్నప్పుడు జీతగాడు. ఆ ఊరి చెలకలన్నిటిలో పశువులను తిప్పినవాడు. ఏ గెట్టు మీద ఏ తుప్ప ఉండేది, ఏ రాయి ఎవరు జరిపారు, కాళ్లకే తెలుసు. పైగా జనం పిలిచిన కొత్తలో ఆయన నడక ముగించాక ఊరుకునేవాడు కాదు, గడ్డపార తెప్పించి తవ్వించేవాడు. పాతకాలం పెద్దలు హద్దురాయి కింద బొగ్గులూ కుండపెంకులూ పోసి పాతేవారు. రాయిని దొంగ జరుపుకుపోతాడు, కర్రను చెద తింటుంది, బొగ్గును మాత్రం భూమి కూడా ఏమీ చెయ్యలేదు. సోమయ్య ఆగిన చోట తవ్వితే బొగ్గులు బయటపడేవి. జనం నోరు తెరిచేవారు.

కొన్నాళ్లకు ఎవరో అన్నారట, "సోమయ్య నడిచినంక మళ్ల తవ్వుడేందిరా, ఆయన్ను అవమానించినట్టే గద" అని. మొదట్లో సోమయ్య, "అట్లనొద్దు, తవ్వుండ్రి" అన్నాడు. తర్వాత అనడం మానేశాడు. "ఆయన కాళ్లను దేవుడే నడిపిస్తడు" అనే మాట పుట్టింది. పెళ్లిపందిట్లో మొదటి బంతి ఆయనకు. కొత్త బోరు వేస్తే మొదటి చెంబు నీళ్లు ఆయన పాదాల మీద. "నువ్వు దేవునసొంటోనివి" అని ముఖం మీదే అంటారు. ఎన్ని ఏళ్లు కాదంటాడు మనిషి? వింటూ వింటూ ఉంటే చెవికి అలవాటవుతుంది. చెవికి అలవాటైంది కాళ్లకు దిగుతుంది.

ఇక్కడ ఒక మాట, కథకు అడ్డమైనా సరే. మన జనానికి మంచివాడు ఒకడు కావాలి. దేవుడు గుళ్లో ఉన్నా, మసీదులో ఉన్నా, చర్చిలో ఉన్నా, మాట్లాడడు. మాట్లాడేవాడు, మన పక్కన కూర్చుని చాయ్ తాగేవాడు కావాలి. అందుకని ఒక మనిషిని పట్టుకుని మంచితనమంతా వాడి నెత్తిన పెడతాం. నేను తిరిగిన ఊళ్లన్నిటిలో ఇట్లాంటివాళ్లను చూశాను. డాక్టర్లు, పంతుళ్లు, ఒకచోట లారీ డ్రైవర్ కూడా. చెడ్డవాళ్లని అనను. కానీ మోయలేని బరువు మోస్తూ, అది తమ ఒంట్లోని బలమే అనుకునేవాళ్లు. బరువు పెట్టినవాళ్లకూ అది తెలియదు.

సరే. యాకయ్యది సోమయ్య ఊరే. మంగ్లీది పక్క తండా, పుట్టిల్లు కొత్తగూడ అడవి వైపు. ఇద్దరి చెలకలూ ఆనుకునే ఉంటాయి, మధ్యలో ఒక బాయి. బాయి తనదని మంగ్లీ అంటుంది. ఆమె మామ లక్ష్మా, చచ్చిపోయేదాకా, "బాయి మన దిక్కే, మన హద్దు తాడిచెట్టు కాడ" అని చెప్పేవాడట. పైపులైను కోసం జేసీబీ వచ్చి అటు చివరి హద్దురాయిని లేపేసింది. అప్పటినుంచి యాకయ్య బాయి తనదనడం మొదలుపెట్టాడు. ఇద్దరూ సోమయ్య దగ్గరికే వచ్చారు. సోమయ్య నడిచాడు.

అక్కడ ఒకప్పుడు జంట తాడిచెట్లు ఉండేవి. ఒకటి ఎప్పటిదో గాలివానకు పడిపోయింది, మొద్దు కూడా మిగల్లేదు. మిగిలిన చెట్టు వైపు సోమయ్య నడిచాడు. అసలు హద్దు ఉన్నది పడిపోయిన తాడిచెట్టు దగ్గర. తవ్వి ఉంటే తెలిసేది. తవ్వలేదు. బూడిద గీత బాయికి మంగ్లీ చెలక వైపునుంచి పోయింది. బాయి యాకయ్యదైంది. మంగ్లీ వంగి సోమయ్య కాళ్లు మొక్కి వెళ్లిపోయింది.

తొలకరి పడ్డాక ఒక ఉదయం సోమయ్య బర్రెను తోలుకుని ఆ దారిన పోతున్నాడు. యాకయ్య కొత్తగా తన కిందికొచ్చిన ముక్కను ట్రాక్టర్‌తో దున్నించాడు. సోమయ్య కాలికి ఏదో గీరుకుంది. చూస్తే కుండపెంకు. దాని పక్కన తడిమట్టిలో నల్లగా బొగ్గులు. బాయికి యాకయ్య వైపు పక్కన, పడిపోయిన తాడిచెట్టు ఉండిన చోట.

ఆయన నాతో చెప్పిన మాటలే రాస్తాను. "అటిటు చూసిన. ఎవ్వలు లేరు. కాలుతోటి మట్టి కప్పిన. గదే కాలు. దేవుడు నడిపిస్తడన్న కాలు."

కప్పి, బర్రెను తోలుకుని ఇంటికి వచ్చాడు. దారిలో ఎవరో ఎదురై దండం పెట్టారు. ఆయన కూడా చెయ్యెత్తాడు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

"జ్వరమా?" అంది ఎల్లక్క.

"కాదు."

"మరి గొంతుల ఏమడ్డం పడ్డది? దవాఖానకన్న పోదాం పా."

"దవాఖానల దొరకది తియ్."

కొన్నాళ్లు అట్లాగే గడిచాయి. మనిషి సగమయ్యాడు. తర్వాత బిడ్డను చూసొస్తానని భూపాలపల్లి వెళ్లాడు. అల్లుడు అక్కడ బొగ్గుబాయిలో కార్మికుడు. క్వార్టర్లో రెండు గదులు. అక్కడ సోమయ్యను ఎరిగినవాళ్లు లేరు, దండం పెట్టేవాళ్లు లేరు, కాస్త ఊపిరాడుతుందనుకున్నాడు. రజని ఊరుకుంటుందా. పక్క క్వార్టర్ల ఆడవాళ్లను పిలుచుకొచ్చి, "మా నాయిన, అబద్ధం తెల్వని మనిషి, మా దిక్కు గెట్లన్నీ మా నాయిన నడిచినయే" అని చెబుతుంది. ఒకామె తన పిల్లను తెచ్చి ఆశీర్వదించమని కాళ్ల మీద పడేసింది. సోమయ్య కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. అల్లుడు డ్యూటీ దిగి బొగ్గుమసి బట్టలతో వస్తే ఆ బట్టల వైపు కూడా చూడలేకపోయేవాడు.

ఒకరోజు ఎల్లక్క ఫోన్ చేసింది. ఊరి ముచ్చట్లు చెబుతూ చెబుతూ మంగ్లీ దగ్గరికొచ్చింది.

"పాపం, దాని మిరప తోట ఎండుతాంది. బిందెలతోటి మోసి పోస్తాంది. మొన్న నేను ఎదురైతే ఏమన్నదో ఎర్కనా? అక్కా, మా మామ బతికున్నన్ని దినాలు మాకు అబద్ధమే చెప్పిండు, పక్కోల్ల బాయిని మాదని చెప్పి పోయిండు, సోమయ్య బాపు నడిచినంకనే ఆని దొంగతనం బయటపడ్డది, పెద్దలకు పెట్టే నాడు గాడికి ఇగ మేం బువ్వ గూడ పెట్టం అన్నది. లక్ష్మా ఫోటో గోడకెల్లి తీసి పడేసిందట."

సోమయ్య ఫోన్ పెట్టేశాడు. బాయి పోయిందంటే ఏదో విధంగా నిబ్బరించుకునేవాడేమో. చచ్చిన మనిషి దొంగ అయ్యాడు. నిజం చెప్పిన లక్ష్మా దొంగ, తప్పు నడిచి మట్టి కప్పిన తాను దేవుడిలాంటివాడు. రజని చాయ్ తెచ్చేసరికి ఆయన సంచీ సర్దుకుంటున్నాడు.

"ఏమైంది నాయినా? నేనేమన్న అన్ననా?"

"నువ్వేమనలే బిడ్డా. నన్ను మంచోడనకు ఇగ. గంతే."

ఇంటికొచ్చి మొదట ఎల్లక్కకే చెప్పాడు. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసింది. తర్వాత అంది, "నీ మొకం చూస్తేనే అనుకున్న, ఏదో మింగినవని. ఇప్పుడు చెప్తవా మరి?"

"చెప్పాలె గద."

"చెప్తే ఊరు ఊకుంటదా? ఇన్నేండ్లు నెత్తినెక్కించుకున్నోల్లు కింద పడేస్తే నడుములిరుగుతయ్. ఈ వయసుల నీ నడుములకు నేను కాపడం పెట్టాలె."

"పెట్టకు."

"పెట్టకుంటె ఎవ్వలు పెడ్తరయ్యా, నీ వీరన్న వస్తడా?" అని కసిరి, కాసేపటికి, "పో మరి. తిని పో" అంది.

గ్రామపంచాయితీ ఆఫీసు ముందర పెద్దమనుషులు కూర్చున్నారు. సోమయ్య నిలబడి చెప్పాడు. తప్పు నడిచాను, బాయి మంగ్లీది, బొగ్గులు కళ్లారా చూసి కప్పాను అని. మొదట నవ్వారు. ముసలితనం, మతిమరుపు అన్నారు. ఒకాయన, "కాకా, నీ మంచితనం ఎక్కువైంది, ఆడిది ఏడుస్తాందని జాలి పడ్డవు, తప్పు నీ మీద ఏసుకుంటున్నవు" అన్నాడు. చూడండి, తప్పు ఒప్పుకున్నా అది కూడా మంచితనం కిందే జమ కడుతున్నారు. సోమయ్య గొంతు పెంచాడు. "మట్టి కప్పిన అంటున్న, ఇనవడ్తలేదా మీకు?"

అప్పుడు నవ్వులు ఆగాయి. ఆ గుంపులో సోమయ్య నడిచిన గెట్టు లేనివాడు దాదాపు ఎవడూ లేడు. ఒకడు లేచాడు. "గిది తప్పైతే మరి మాది? మా తమ్మునికి నాకు నువ్వు నడిచిన గెట్టు గూడ తప్పేనా?"

"తెల్వదు," అన్నాడు సోమయ్య. "తవ్వి చూడాలె."

"తవ్వి చూడాలెనా? తవ్వి చూస్తే మా ఇద్దరి తలకాయలు పలుగుతయ్. ఏం మాట్లాడుతున్నవ్ ముసలోడా?"

పొద్దున కాకా, మధ్యాహ్నానికి ముసలోడు. వాళ్లకు కోపం రావడంలో అన్యాయం ఉందని నేననను. వాళ్ల గెట్లన్నీ ఒక మనిషి మంచితనం మీద పాతుకుని ఉన్నాయి. ఆ మనిషి కాస్త కదిలితే ఊరంతా కదులుతుంది.

అయినా యాకయ్య చెలకకు గడ్డపార పట్టుకుని పోయారు. సోమయ్య చూపించిన చోట తవ్వితే బొగ్గులు వచ్చాయి, పెంకులు వచ్చాయి. యాకయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎవ్వలు పోసిన్రో ఎవలకెర్క? బొగ్గులమీద తారీఖు ఉంటదా? మొన్న రాత్రి ఈ ముసలోడే పోసి ఉంటడు. ఆ మంగ్లీకాడ ఏం తిన్నడో ఏమో."

నిన్నటిదాకా అబద్ధం చేతకాని మనిషి, ఇవాళ లంచం తిన్నాడన్నా నమ్మేశారు. మంగ్లీ కూడా అక్కడే ఉంది. సోమయ్య ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుని అంది, "నీ మాట మీద మామను దొంగను చేసిన. ఇప్పుడు మళ్ల నీ మాట మీదనే మంచోన్ని చెయ్యమంటవు. ఏ మాట నమ్మాలె బాపూ? నాకేం సమజయితలేదు."

అందరికంటే ఆమె మాటే సోమయ్యకు గుచ్చుకుంది. "నన్ను నమ్మకు బిడ్డా," అన్నాడు. "అప్పుడు నమ్ముడే తప్పైంది, ఇప్పుడు గూడ నమ్మకు. కురవికి పోదాం. వీరన్న ముందట చెప్తం, నేను చెప్త, యాకయ్య చెప్తడు. నేనే ఈ బొగ్గులు పోసిన్నని ఆయన ముందట యాకయ్య అంటే బాయి యాకయ్యదే. నేను ఇగ మాట్లాడ."

యాకయ్య, "పోదాం, నాకేం భయం" అన్నాడు.

ట్రాలీ ఆటోలో వాళ్లంతా కురవి వచ్చిన రోజునే నేనక్కడ ఉన్నాను. అడవి వైపు నుంచి దిగి వచ్చి గుడి దగ్గర సత్రంలో మకాం పెట్టాను. ఇప్పటిదాకా రాసింది ఆ తర్వాత సోమయ్య నోటా, ఎల్లక్క నోటా విన్నది. ఇకముందుది కళ్లతో చూసింది.

సోమయ్య, యాకయ్య నల్లా కింద తలలు తడుపుకుని తడిబట్టలతో గర్భగుడి ఎదురుగా నిలబడ్డారు. మంగ్లీ ఒక స్తంభాన్ని ఆనుకుని ఉంది. వెంట వచ్చిన పెద్దమనుషులు గొంతులు తగ్గించారు. ఊళ్లో అరిచిన మనుషులేనా అనిపించింది. నేను ప్రమాణాలు చాలా చూశాను, చాలావరకు అబద్ధాలే. మనిషి దేవుడి ముందు కూడా నేర్పుగా అబద్ధం ఆడగలడు. అందుకని ఇది ఎటు పోతుందో నాకు తెలియలేదు.

సోమయ్య ముందు మాట్లాడాడు. దండం కూడా సరిగా పెట్టలేదు.

"వీరన్నా, నేను మంచోన్ని కాదు. మంది అన్నరు, నేను ఊకున్న. నీ పేరు జెప్పి నడిచిన గని నీ తోవ సూడలే, నా కాళ్లను నమ్మిన. బొగ్గులు కండ్లవడ్డంక నీ ముందటనే మట్టి కప్పిన. నువ్వు సూడవనుకున్ననో, సూసినా ఏమనవనుకున్ననో. మంచి నీది. నేను నెత్తినవెట్టుకొని మోసేటోన్ని, గంతే. దాన్ని నాదనుకున్న. గిప్పుడు దించుతున్న. బాయి లక్ష్మాది."

అంతే. కళ్లు మూసుకుని పక్కకు జరిగాడు.

యాకయ్య వంతు వచ్చింది. ముందుకు జరిగి నోరు తెరిచాడు. "ఈ బొగ్గులు సోమయ్యనే..." అని ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "సోమయ్యనే..." పూజారి హారతి పళ్లెం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. యాకయ్య చెవుల మీదుగా నీళ్లు కారుతున్నాయి. చెమటా, నల్లా నీళ్లా, చెప్పలేను.

"ఏందిరా, చెప్పు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

యాకయ్య తల వంచుకున్నాడు. "నేను పోరన్నయి ఉన్నప్పుడు," అన్నాడు, చాలా మెల్లగా, "మా బాపు, లక్ష్మా కలిసి గా రాయి పాతిన్రు. బొగ్గుల తట్ట నేనే మోసిన. బాయి వాళ్ల దిక్కే." తల ఎత్తకుండానే, "సోమన్న తప్పు నడుస్తుంటే నాకు ఎర్కయింది. దేవునసొంటి మనిషే నాకిస్తున్నడు, నాదేం పోయిందనుకున్న."

మంగ్లీ ఏడవలేదు. స్తంభం దగ్గరే కింద కూర్చుని కొంగు నెత్తిన కప్పుకుని, వాళ్ల భాషలో మామను ఉద్దేశించి ఏదో అంటూ ఉంది. నాకు ఆ భాష కొద్దిగా వచ్చు. క్షమించమని అడగడం కాదు. తోటకు నీళ్లు పెడతాను, ఇంటికి రా, బువ్వ పెడతాను అంటోంది.

నేను సోమయ్య పక్కన గుడి మెట్ల మీద కూర్చున్నాను. యాకయ్యకు అంత నిజం ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. అతను మంచివాడని ఒప్పుకుంటావా అన్నాను.

"వాడు మంచోడు గాదు, నేను మంచోన్ని గాను," అన్నాడు. "వాని నోట్లె మాట ఆపిందెవ్వలో ఆయన మంచోడు."

"ఇప్పుడు మనసు నెమ్మదైందా?"

నా వైపు కాస్త విసుగ్గా చూశాడు. "నెమ్మదెట్లయితదయ్యా? ఊరికి పోవాలె గద. నేను తవ్వకుండ నడిచిన గెట్లు ఇంక మస్తున్నయ్. ఏది కరెక్టో ఏది తప్పో నాకే తెల్వది. ఆయనకు ఎర్క. నాకు చెప్పడు. తవ్వుకోవాలె."

ఆయన వెంట నేనూ ఆ ఊరికి వెళ్లి కొన్నాళ్లు ఉన్నాను. నాకు ఒకచోట కాలు నిలవదు గానీ అక్కడినుంచి కదల్లేకపోయాను. మంగ్లీ మిరప తోట సగం చచ్చింది, సగం తేరుకుంది. బాయి మీద ఆమె మోటారు మోగుతుంటే యాకయ్య అటు చూడకుండా పోతాడు. మిగతా ఊరు మాత్రం సోమయ్యను క్షమించలేదు. పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. చాయ్ హోటల్ ముందు ఆయన పోతుంటే, "అగో, దేవుడు పోతుండు, జరుగుండ్రి" అని నవ్వుతారు. కొందరు కొలతకు అర్జీలు పెట్టుకున్నారు. పంచాయితీలో లేచి అడిగినవాడూ అతని తమ్ముడూ కొట్టుకుని జనగామ దవాఖానలో పడ్డారు. ఆ వార్త విన్న రోజు సోమయ్య గోడకు తల ఆనించుకుని సాయంత్రం దాకా కూర్చున్నాడు. చెప్పకుండా ఉంటే వాళ్ల తలలు పగిలేవి కాదు గదా అని నేనే అనబోయి మానుకున్నాను. ఆ ప్రశ్న ఆయన నాకంటే ముందే వేసుకుని ఉంటాడు.

మర్నాడు ఆయన గడ్డపార భుజాన వేసుకుని ఆ అన్నదమ్ముల చెలకకు పోయాడు. నేనూ వెంట పోయాను. చిన్నవాడి భార్య గెట్టు మీద నిలబడి, "ఇంక ఎవలిల్లు కూల్చనీకి వచ్చినవు? నీ మంచితనం మాకొద్దు, పో" అని తిట్టింది.

"గా మంచితనం నా దగ్గర లేదమ్మా," అన్నాడు సోమయ్య. "జర పక్కకు జరుగు. గీడ రాయి ఉండె."

ఆమె జరగలేదు. తిడుతూనే ఉంది. ఆయన ఆమె కాళ్లకు తగలకుండా కొంచెం ఇవతలికి జరిగి, చెప్పులు విడిచి, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని, గడ్డపార ఎత్తాడు.